టీకా ఫలించలేదు, సేవ మాటేమిటి? సోవెటో హెచ్‌ఐవీ పరిశోధన కేంద్రంపై ఒక సమీక్ష

దక్షిణాఫ్రికాలో జోహన్నెస్‌బర్గ్‌ను ఆనుకుని ఉన్న సోవెటోలో, క్రిస్ హానీ బరగ్వానత్ ఆసుపత్రి ప్రాంగణంలో పనిచేసే పెరినేటల్ హెచ్‌ఐవీ రీసెర్చ్ యూనిట్‌ను బయటి ప్రపంచం ఎక్కువగా టీకా ట్రయళ్ల పేరుతోనే గుర్తుపెట్టుకుంది. ఆ ట్రయళ్లలో పెద్దవి రెండు మధ్యలోనే ఆగిపోయాయి కాబట్టి, ఆ కేంద్రం గురించి మన పత్రికల్లో వచ్చిన కొద్దిపాటి వార్తలు కూడా వైఫల్యం దగ్గరే ముగిశాయి. అయితే ఆ గడప తొక్కిన యువతీయువకులకు అది పరిశోధనశాల మాత్రమే కాదు. హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకునే చోటు, కండోములు తెచ్చుకునే చోటు, సుఖవ్యాధులకు మందు దొరికే చోటు, ఇంట్లో చెప్పుకోలేని మాటను తలుపు వేసి చెప్పుకోగలిగే చోటు కూడా అదే. అందువల్ల దాన్ని ఒక సేవగా తీసుకుని ఎక్కడ బాగుందో, ఎక్కడ కుంటుపడిందో చెప్పడం ఈ సమీక్ష ఉద్దేశం. గుంటూరు ప్రాంతంలో హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రంలో చాలాకాలం కౌన్సెలర్‌గా పనిచేసినదాన్ని కాబట్టి, ప్రచురితమైన ఫలితాలనూ ట్రయల్ నియమాలనూ చదివేటప్పుడు శాస్త్రవేత్తలు చూసే అంకెలకంటే, బల్లకు అవతల కూర్చున్న మనిషికి ఏం దక్కింది అన్నదే నేను ముందుగా వెతికాను.

ఈ యూనిట్‌ను 1996లో గ్లెండా గ్రే, జేమ్స్ మెకింటైర్ అనే ఇద్దరు వైద్యులు స్థాపించారు. పేరులోని ‘పెరినేటల్’ అంటే ప్రసవానికి ముందూ వెనకా ఉండే కాలానికి సంబంధించినదని; అందుకు తగ్గట్టే మొదట వారి దృష్టి గర్భిణుల మీద, పుట్టబోయే బిడ్డల మీద ఉండేది. తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకకుండా చూసే మందులున్నాయని తెలిసినా, వాటిని ప్రభుత్వ ఆసుపత్రులన్నింటిలో ఇవ్వడానికి అప్పటి దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆ మొండితనం మీద ఉద్యమకారులు కోర్టుకెక్కి, 2002 జులైలో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పుతో నెవిరపీన్ అనే ఆ మందును గర్భిణులకు సాధించుకున్నారు. ఆ పోరాటం సాగుతున్న రోజుల్లోనే సోవెటోలో గర్భిణులకు పరీక్షలు చేసి మందు అందించే పనిని ఈ యూనిట్ చేపట్టింది. ఆ తరువాతే, 2003లో, ఆ దేశపు తొలి హెచ్‌ఐవీ టీకా ట్రయల్ సోవెటోలోనూ డర్బన్‌లోనూ మొదలైంది. ఈ వరస నాకు చాలా ముఖ్యంగా తోచింది. ముందు మందు ఇచ్చిన చేతులే తరువాత టీకా పట్టుకుని వచ్చాయి. ఒక పేట జనం కొత్త సూదికి చేయి చాపాలంటే, ఆ సూది పట్టుకున్నవాళ్లు అంతకుముందు తమ కష్టంలో ఎక్కడున్నారన్నది చూసుకుంటారు. సర్వే కాగితాలతో మాత్రమే ఊళ్లోకి వచ్చే సంస్థలకు ఆ నమ్మకం దక్కదని ఊళ్లలో ఇంటింటికీ తిరిగి హెచ్‌ఐవీ సేవలతో జనాన్ని కలిపే మా లింక్ వర్కర్లను అడిగినా చెబుతారు.

సేవగా చూసినప్పుడు ఈ కేంద్రంలోనూ, దానితోపాటు అదే నెట్‌వర్క్‌లో ఉన్న ఇతర కేంద్రాల్లోనూ నాకు అన్నింటికంటే నచ్చినది వాలంటీర్‌ను చేర్చుకునే పద్ధతి. సియాటిల్ కేంద్రంగా 1999 నుంచి పనిచేస్తున్న హెచ్‌ఐవీ వ్యాక్సిన్ ట్రయల్స్ నెట్‌వర్క్ నియమాల ప్రకారం, అంగీకారపత్రం మీద సంతకం తీసుకుంటే సరిపోదు. చేరబోయే వ్యక్తికి విషయం అర్థమైందా లేదా అని ఒక చిన్న ప్రశ్నపత్రంతో పరీక్షిస్తారు. ఈ టీకా నన్ను హెచ్‌ఐవీ నుంచి కాపాడుతుందని తేలిపోయిందా, నాకు వేసేది అసలు టీకానో ఉత్తుత్తి సూదో నాకు ముందే చెబుతారా, ఇష్టం లేకపోతే మధ్యలో మానుకోవచ్చా, ట్రయల్‌లో ఉన్నాను కదా అని కండోము మానేయవచ్చా వంటివి ఆ ప్రశ్నలు. తప్పు చెప్పినవారిని వెళ్లగొట్టరు. ఏ ప్రశ్న దగ్గర తడబడ్డారో అక్కడి నుంచి మళ్లీ వివరించి, నిజంగా అర్థమయ్యాకే చేర్చుకుంటారు. ఆపరేషన్‌కు ముందు నాలుగు కాగితాలు ముందు పెట్టి వేలిముద్ర వేయించుకునే పద్ధతిని దశాబ్దాలుగా చూస్తున్న మనకు ఇది పెద్ద మర్యాదగా కనిపిస్తుంది. కౌన్సెలింగ్‌లో మేమూ చివర ‘ఏం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి’ అని అడగాలని శిక్షణలో నేర్చుకుంటాము. కానీ బయట ఇంకో ఇరవైమంది క్యూలో ఉన్నప్పుడు ఆ ప్రశ్న మింగేసిన కౌన్సెలర్లు నాకు తెలుసు. ఇక్కడ ఆ ప్రశ్నను తప్పించుకోలేని నియమంగా పెట్టారు.

చేరిన తరువాత ప్రతి రాకలోనూ జరిగే పని చాలావరకు మన పరీక్షా కేంద్రాల్లో జరిగేదే: పరీక్షకు ముందు మాట, పరీక్ష తరువాత మాట, కండోములు, సుఖవ్యాధుల లక్షణాలుంటే చికిత్స, స్త్రీలకు గర్భనిరోధక సాధనాలు. మగవారికి సున్తీ చేయించుకునే సదుపాయాన్ని కూడా 2007 నాటి ట్రయల్‌లోనే కలిపారు, ఎందుకంటే అది మగవారికి స్త్రీల నుంచి వైరస్ సోకే ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని అప్పటికే ఆఫ్రికాలో జరిగిన అధ్యయనాలు తేల్చాయి. వచ్చిపోయే ఖర్చు, పోగొట్టుకున్న సమయం, పడ్డ అసౌకర్యం లెక్కగట్టి డబ్బు ఇవ్వాలని ఆ దేశపు నియమాలు చెబుతాయి. డబ్బు ఆశ చూపి మనుషుల్ని లాగుతున్నారన్న విమర్శ కొందరు చేశారు గానీ, కూలి పోగొట్టుకుని వచ్చినవారికి బస్సు చార్జీలు కూడా ఇవ్వకపోవడమే అసలైన అన్యాయమని నా అభిప్రాయం. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కు రావడానికి ఒక రోజు కూలి, రెండు బస్సుల చార్జీ వదులుకోవలసి వచ్చి మందులు మానేసినవారిని వెతుక్కుంటూ వెళ్లిన అనుభవం ఉన్న ఎవరూ దీనిమీద వాదించరు.

ఇక్కడ పాఠకులకు అంతగా తెలియని ఒక సమస్యను కొంచెం వివరంగా చెప్పాలి. హెచ్‌ఐవీ టీకా వేయించుకున్నవారి శరీరంలో వైరస్ లేకపోయినా, టీకా పుట్టించిన యాంటీబాడీల వల్ల మామూలు పరీక్షలో పాజిటివ్ రావచ్చు. కొందరిలో అది ఏళ్ల తరబడి ఉండిపోతుంది. మన ప్రభుత్వ హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రాలైన ఐసీటీసీల్లో వాడే కిట్లు యాంటీబాడీలను పట్టుకునేవే కాబట్టి, అలాంటి వ్యక్తి మన దగ్గరికి వస్తే, వేర్వేరు కిట్లతో పరీక్షించినా రిపోర్టు తప్పుదారి పట్టే ప్రమాదం ఉంది. అది ఆ మనిషి జీవితంలో ఎక్కడెక్కడ అడ్డం పడుతుందో ఊహించండి. గర్భిణిగా ఆసుపత్రికి వెళ్లినప్పుడు, రక్తదానం చేయబోయినప్పుడు, పెళ్లి సంబంధం కుదిరేముందు ఎవరో పరీక్ష చేయించమన్నప్పుడు అది బయటపడుతుంది. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారికి మెడికల్‌లో హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి. అక్కడ పాజిటివ్ అని వస్తే వివరణ వినేవారు ఉండరు, వీసా పోతుంది, ఏజెంటుకు కట్టిన అప్పు మిగులుతుంది. ఈ చిక్కు తెలిసినందువల్లే ఆ నెట్‌వర్క్ తన వాలంటీర్లను బయట పరీక్ష చేయించుకోవద్దని చెప్పి, వైరస్‌నే వెతికే ప్రత్యేక పరీక్షను తన కేంద్రాల్లో చేస్తుంది, ట్రయల్ ముగిసిన తరువాత కూడా ఆ పరీక్షను ఉచితంగా అందిస్తుంది. దీన్ని నేను ఈ సేవలోకెల్లా బాధ్యతగల భాగంగా భావిస్తాను. అయితే ఇది ఆ కేంద్రం తలుపులు తెరిచి ఉన్నంతకాలమే సులభంగా అందుతుంది. ఊరు మారినవారికీ, దేశం దాటినవారికీ అదంత తేలిక కాదు.

నిజాయతీ విషయంలో ఈ కేంద్రానికి గట్టి పరీక్ష 2007లో ఎదురైంది. ఆ ఏడాది మొదట్లో ఫాంబిలి అనే ట్రయల్ సోవెటోతో సహా అయిదుచోట్ల మొదలైంది. మూడువేలమందిని చేర్చుకోవాలన్నది లక్ష్యం. అమెరికా ఖండాల్లో జరుగుతున్న స్టెప్ ట్రయల్‌లో అదే టీకా పనిచేయడం లేదని సెప్టెంబరులో తెలియగానే ఇక్కడా ఆపేశారు. పైగా కొందరు మగవారిలో ముప్పు పెరిగిన సూచనలున్నాయని ఆ తరువాత బయటపడింది. అప్పటికి 801 మంది చేరి ఉన్నారు. ఎవరికి అసలు టీకా వేశారో, ఎవరికి ఉత్తుత్తి సూది వేశారో ప్రతి ఒక్కరికీ చెప్పేశారు, వారిని తరువాత కూడా గమనిస్తూ వచ్చారు. ఆ తరువాతి సంవత్సరాల్లో టీకా వేయించుకున్నవారిలోనే ఎక్కువమందికి వైరస్ సోకినట్టు 2014లో గ్రే బృందమే ప్రచురించింది. తమకు ఏమాత్రం గౌరవం తెచ్చిపెట్టని ఫలితాన్ని తామే బయటపెట్టడం చిన్న విషయం కాదు. ఒక వాలంటీర్‌కు ‘మీకు వేసిన సూది మిమ్మల్ని కాపాడలేదు, ముప్పు పెంచి ఉండవచ్చు కూడా’ అని ఎదురుగా కూర్చుని చెప్పవలసిన కౌన్సెలర్ స్థితి నాకు బాగా అర్థమవుతుంది. పాజిటివ్ అని చెప్పడం కష్టమే. నమ్మి వచ్చినవారికి ఈ మాట చెప్పడం అంతకంటే కష్టం.

అయినా అదే దేశంలో, అవే పేటల్లో, తొమ్మిదేళ్ల తరువాత మరో పెద్ద ట్రయల్‌కు 5,404 మంది ముందుకు వచ్చారు. ఉహాంబో అనే ఈ ట్రయల్ 2016 అక్టోబరులో దక్షిణాఫ్రికాలోని 14 కేంద్రాల్లో మొదలైంది. థాయిలాండ్‌లో పదహారువేలమందికి పైగా పాల్గొన్న ట్రయల్‌లో 2009లో కనిపించిన సుమారు 31 శాతం రక్షణే దీనికి ఆధారం. ఆ టీకాను ఆఫ్రికా దక్షిణభాగంలో తిరిగే వైరస్ రకానికి తగ్గట్టు మార్చి, ఏడాదిన్నర కాలంలో ఆరు రాకల్లో సూదులు వేశారు. 2020 జనవరిలో స్వతంత్ర పర్యవేక్షక మండలి లెక్కలు చూసి ఆపమని చెప్పింది. తరువాత ప్రచురించిన ఫలితాల ప్రకారం రెండేళ్ల వ్యవధిలో టీకా వేసిన 2,704 మందిలో 138 మందికి, ఉత్తుత్తి సూది వేసిన 2,700 మందిలో 133 మందికి హెచ్‌ఐవీ సోకింది. అంటే టీకా ఉన్నా లేనట్టే.

శాస్త్రవేత్తలు ఈ రెండు అంకెల మధ్య తేడా వెతుకుతారు. నేను వాటి మొత్తం దగ్గర ఆగిపోయాను. 271 మంది. వీరు ఎక్కడో సేవలకు దూరంగా ఉన్నవారు కాదు. క్రమం తప్పకుండా కేంద్రానికి వచ్చినవారు, పదేపదే కౌన్సెలింగ్ విన్నవారు, కండోములు చేతికి అందినవారు. స్త్రీలలో ఏడాదికి నూటికి నలుగురికి పైగా చొప్పున వైరస్ సోకింది. ఒక సేవను సమీక్షించేటప్పుడు దీన్ని పక్కన పెట్టడం కుదరదు. మాట, కండోము మాత్రమే ఇచ్చే నివారణ ఇరవై ఏళ్ల అమ్మాయి విషయంలో ఎంత బలహీనమో ఇంతకంటే స్పష్టంగా చెప్పే లెక్క నేను చూడలేదు. కండోము వాడాలా వద్దా అన్నది ఆమె చేతిలో లేదు. ఆ మాటకొస్తే మన దగ్గర భర్త పాజిటివ్, తాను నెగెటివ్ అయిన భార్య చేతిలోనూ లేదు.

వైరస్ సోకకుండా రోజూ వేసుకునే ప్రెప్ మాత్రకు దక్షిణాఫ్రికా 2015 డిసెంబరులోనే అనుమతి ఇచ్చింది. ఉహాంబోలో కోరుకున్నవారికి ఆ మాత్రలు అందే ఏర్పాటు ఉంది. కానీ వాడినవారు చాలా తక్కువ. దీనికి కారణాలు వెతకడం కష్టం కాదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి రోజూ మాత్ర మింగాలి, ఇంట్లో ఆ డబ్బా ఎవరైనా చూస్తే ఇది హెచ్‌ఐవీ మందే కదా అంటారు, స్నేహితుడు అనుమానిస్తాడు. ఈ కారణాలన్నీ నిజమే అయినా, నేను ఈ సేవకు పూర్తి మార్కులు ఇవ్వలేకపోవడానికి మొదటి కారణం ఇక్కడే ఉంది. టీకాకు ఇచ్చినంత శ్రద్ధ, టీకా సూదికి మనుషుల్ని తేవడంలో చూపినంత నేర్పు, ప్రెప్‌ను ఇంటిదాకా చేర్చడంలో కూడా పెట్టి ఉంటే ఆ 271లో కొందరైనా తగ్గేవారని నా నమ్మకం.

ఇందులో ఒక లోతైన ఇబ్బంది దాగి ఉంది, దాన్ని దాచిపెట్టకుండా చెప్పుకోవాలి. టీకా పనిచేస్తోందో లేదో తెలియాలంటే ట్రయల్‌లో కొందరికి వైరస్ సోకాలి. నివారణ సేవ ఎంత బాగుంటే సోకేవారు అంత తగ్గుతారు, ట్రయల్‌కు అంత ఎక్కువమంది, అంత ఎక్కువ డబ్బు, అన్ని ఎక్కువ ఏళ్లు కావాలి. కాబట్టి ఒకే గదిలో ఒక చేత్తో పరిశోధన, మరో చేత్తో నివారణ చేసే కేంద్రం తన లెక్కకు తానే అడ్డం తిరగవలసి ఉంటుంది. ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ఇచ్చిన నైతిక మార్గదర్శకాలు ఈ విషయంలో సందేహానికి చోటివ్వవు: రుజువైన నివారణ పద్ధతులన్నీ వాలంటీర్లకు అందాలి. ఆ మాటకు కట్టుబడినందువల్ల ట్రయల్ కష్టమైనా ఫరవాలేదు. ఈ ఇబ్బందిని సూటిగా ఎదుర్కొన్నది ఉగాండా, టాంజానియా, దక్షిణాఫ్రికాల్లో 2020 డిసెంబరులో మొదలైన ప్రెప్‌వాక్ ట్రయల్. ఉగాండాకు చెందిన పాంటియానో కలీబు నాయకత్వంలో ఆఫ్రికా శాస్త్రవేత్తలే నడిపిన ఈ ట్రయల్‌లో 1,512 మంది చేరారు. టీకాలతోపాటు ప్రెప్ మాత్రలను కూడా అధ్యయనంలో భాగం చేసి అందించారు. టీకాలు ఫలించే అవకాశం లేదని తేలి 2023లో సూదులు ఆపేశారు. అయినా ప్రెప్‌ను ఐచ్ఛికంగా బల్లమీద పెట్టి వదిలేయకుండా ట్రయల్ నడుములోకి తీసుకురావడం నాకు ఉహాంబో కంటే ఒక మెట్టు పైన కనిపించింది.

నేను తక్కువ మార్కులు వేసే రెండో విషయం, వైరస్ సోకిన తరువాత జరిగేది. ఉహాంబోలో వైరస్ సోకినవారిని స్థానిక వైద్య కేంద్రాలకు పంపి చికిత్సకు జతచేశారు. 2016 సెప్టెంబరు నుంచి ఆ దేశంలో పాజిటివ్ అని తేలిన ప్రతివారికీ సీడీ4 అనే రోగనిరోధక కణాల లెక్కతో పని లేకుండా ఏఆర్‌టీ మొదలుపెట్టే విధానం అమల్లోకి వచ్చింది కాబట్టి, మందు లేదన్న భయం లేదు. అయినా పంపడం వేరు, చేర్చడం వేరు. తెలిసిన కౌన్సెలర్, తెలిసిన గది వదిలి, కాగితం పట్టుకుని కొత్త క్యూలో నిలబడటం ఆ మనిషికి రెండోసారి పాజిటివ్ అని వినడంతో సమానం. నేను పంపిన ఒక అమ్మాయిని చికిత్సా కేంద్రంలో గుర్తింపు కార్డు లేదని వెనక్కి పంపారు, ఆమె మళ్లీ వెళ్లలేదు. తిరిగి ఆచూకీ దొరికేసరికి టీబీ ముదిరింది. అప్పటి నుంచి కాగితం ఇచ్చి ఊరుకోకుండా మనిషిని తోడు పంపాలన్న పట్టుదల నాకు ఏర్పడింది. సోవెటోలో ఒకప్పుడు పరిశోధన, చికిత్స ఒకే సంస్థ కింద ఉండేవి. 2009లో సేవల భాగం విడిపోయి, మెకింటైర్ నాయకత్వంలో అనోవా హెల్త్ ఇన్‌స్టిట్యూట్ అనే వేరే సంస్థ అయింది. నిర్వహణకు అది సౌకర్యమే అయి ఉండవచ్చు. వాలంటీర్ వైపు నుంచి చూస్తే మాత్రం, ఒకే కప్పు కింద ఉన్న రెండు గదుల మధ్య వీధి వచ్చినట్టయింది.

కలిపి నడపడం వల్ల వచ్చే లాభం ఎంత దూరం పోతుందో తెలియాలంటే కోవిడ్ కాలాన్ని చూడాలి. 2021 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా ఆరోగ్య కార్యకర్తలకు వేయడానికి అనుమతించిన టీకా ఇంకా సిద్ధంగా లేనప్పుడు, గ్లెండా గ్రే, కేప్‌టౌన్‌లోని డెస్మండ్ టుటు సంస్థకు చెందిన లిండా-గేల్ బెకర్ కలిసి సిసోంకే అనే అధ్యయనం రూపంలో 4,77,234 మంది ఆరోగ్య కార్యకర్తలకు జాన్సన్ టీకా వేయించారు. హెచ్‌ఐవీ టీకా ట్రయళ్లతో ఆరితేరిన వైద్యులు, కేంద్రాలు లేకపోతే అంత త్వరగా అది సాధ్యమయ్యేది కాదు. ఫలించని టీకా కోసం ఖర్చుపెట్టిన డబ్బంతా వృథా అనేవారికి నేను ఈ అంకె చూపిస్తాను. ఆ బెకరే ఉహాంబోకు దారి వేసిన తొలి ట్రయల్‌కు నాయకత్వం వహించారు, 2024లో లెనకపవిర్ సూది ఫలితాలను మ్యూనిక్‌లో ప్రకటించింది కూడా ఆమే. ఆరు నెలలకోసారి చర్మం కింద వేసే ఆ సూది తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికి కూడా వైరస్ సోకలేదు. అది టీకా కాదు, మందు. కానీ ఇంట్లో డబ్బా కనిపించదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఉహాంబోలో మాత్రలు వద్దన్న అమ్మాయిలకు కావలసింది ఇదే.

మన దేశం ఈ దారిలో కొంచెమే నడిచింది. 2005లో పుణెలోని జాతీయ ఎయిడ్స్ పరిశోధన సంస్థలో, 2006లో చెన్నైలోని క్షయ పరిశోధన కేంద్రంలో తొలి దశ టీకా ట్రయళ్లు జరిగాయి. ఒక్కోదానిలో సుమారు ముప్పైమంది చొప్పున మాత్రమే పాల్గొన్నారు. టీకా సురక్షితమా కాదా అని చూసే దశ కాబట్టి అంతకంటే పెద్దవి కావలసిన పని లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వయోజనుల్లో హెచ్‌ఐవీ ఉన్నవారు 0.67 శాతం, తెలంగాణలో 0.47 శాతం అని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2021 అంచనా. దేశ సగటు 0.21. ఈశాన్య రాష్ట్రాల తరువాత అంత భారం మోస్తున్నది మనమే కాబట్టి, రేపు పెద్ద ట్రయల్ ఏదైనా మన జిల్లాలకు రావచ్చు. అది రావాలనే నేను కోరుకుంటాను. అయితే వచ్చే సంస్థను మన ఎన్జీవోలు, హెచ్‌ఐవీ ఉన్నవారి సంఘాలైన పాజిటివ్ నెట్‌వర్కులు, సెక్స్ వర్కర్ల సంఘాలు మొదటి రోజే కూర్చోబెట్టి అడగాల్సినవి ఉన్నాయి. ప్రెప్ ఎవరి చేతుల మీదుగా అందుతుంది, దాన్ని వాడేలా చేయడానికి ఎంతమందిని నియమిస్తారు? వైరస్ సోకినవారిని ఏఆర్‌టీ సెంటర్‌కు ఎవరు వెంటబెట్టుకు వెళ్తారు? టీకా వల్ల పాజిటివ్ వచ్చినవారికి పదేళ్ల తరువాత గల్ఫ్ మెడికల్ ముందు ఎవరు కాగితం ఇస్తారు? ప్రజల సలహా మండలి ట్రయల్ మొదలయ్యాక పెడతారా, నియమావళి రాయకముందే పెడతారా? సోవెటో అనుభవంలో ఈ నాలుగింటిలో బాగా జవాబు దొరికింది సలహా మండళ్ల విషయంలోనే. ఆ నెట్‌వర్క్ తన ప్రతి కేంద్రంలోనూ స్థానికులతో అలాంటి మండలిని తప్పనిసరి చేసింది.

కాబట్టి నా అంచనా ఇది. వాలంటీర్‌కు విషయం అర్థమయ్యేలా చెప్పడంలో, చెడ్డ వార్తను దాచకపోవడంలో ఈ సేవ నేను చూసినవాటన్నింటిలోనూ మేలైనది, దానికి అయిదుకు అయిదు. రోజువారీ నివారణలో మూడు, ఎందుకంటే కావలసినవన్నీ గదిలో ఉన్నా అన్నీ మనిషిదాకా చేరలేదు. సోకిన తరువాత చేయి పట్టుకుని నడిపించడంలో, ట్రయల్ ముగిశాక నిలబడటంలో రెండు. ఈ చివరిదానికి తప్పు వైద్యులది అనలేను. నిధుల్లో ఎక్కువభాగం ఒక్క దేశం ఖజానా నుంచి వచ్చేలా కట్టుకున్న ఏర్పాటుది. 2025 జనవరిలో అమెరికా విదేశీ సహాయాన్ని నిలిపివేసినప్పుడు, గ్రే నాయకత్వంలో ఆఫ్రికా శాస్త్రవేత్తలు సిద్ధం చేసుకున్న బ్రిలియంట్ అనే టీకా కార్యక్రమం ట్రయల్ మొదలయ్యే దశలో ఆగిపోయింది. అనోవాతో సహా సేవలందించే సంస్థలకూ అదే దెబ్బ తగిలింది. పరిశోధన, సేవ విడివిడి సంస్థలైనా, నిధులిచ్చే చేయి ఒక్కటే కావడంతో రెండూ ఒక్కసారే పడిపోయాయి.

ఇందులో మన వాటా కూడా ఉంది. 2025లో అమెరికాలో లెనకపవిర్ ధర ఏడాదికి 28,218 డాలర్లు ఉండేది. హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్, హెటెరో కంపెనీలు 2027 నుంచి దాన్ని 120 పేద, మధ్యతరగతి దేశాలకు ఏడాదికి సుమారు 40 డాలర్లకు, అంటే మూడున్నర వేల రూపాయల దగ్గరలో అందిస్తామని 2025 సెప్టెంబరులో ప్రకటించాయి. ఆఫ్రికా దేశాల్లో లక్షలాదిమంది వేసుకునే ఏఆర్‌టీ మాత్రల్లో ఇప్పటికే ఈ నగరపు కంపెనీల వాటా పెద్దది. ఆ సూది సోవెటో చేరేనాటికి దాన్ని వేసే నర్సు, ముందు పరీక్ష చేసే కౌన్సెలర్, ఆరు నెలలు గడిచాక రెండో సూదికి రాని అమ్మాయిని వెతికి పట్టుకునే కార్యకర్త అక్కడ జీతం మీద ఉండాలి. టీకా ట్రయళ్లు ఇరవై ఏళ్లుగా తయారుచేసిన మనుషులు వాళ్లే. వాళ్ల జీతాల పద్దును దక్షిణాఫ్రికా ప్రభుత్వం తన బడ్జెట్‌లోకి ఎంతమేరకు తీసుకుంటుందో చూసిన తరువాత నేను ఆ రెండు మార్కులను మళ్లీ లెక్కిస్తాను.